కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఎవరి పేరు మీద వేస్తే మంచిది?
మాది పలాస దగ్గర పల్లె. మా ఆవిడా నేనూ కెనడా వెళ్ళి అక్కడే స్థిరపడాలనుకుంటున్నాం. నాకు 37, మెకానికల్ డిప్లొమా. తనకి 29, బీఎస్సీ నర్సింగ్ చేసి శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు లెక్కేసి పీఆర్‌కి ఎంపిక చేసే కెనడా పద్ధతి) 29 దాటాక వయసు పాయింట్లు తగ్గుతూ పోతాయి కాబట్టి, తననే ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టడం నయమని నా లెక్క. మా మావయ్యేమో మగాడి పేరు మీదే వెయ్యాలంటాడు. పాయింట్లకి ఆ పట్టింపు లేదని ఆయనకి ఎవరు చెప్తారు!

అసలు టెన్షన్ పేర్లతో. తన పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి పేరు పొడి అక్షరమే, నర్సింగ్ డిగ్రీలో పూర్తిగా ఉంది. పెళ్ళి సర్టిఫికెట్లో మా ఇంటిపేరు చేర్చేశారు. డిగ్రీని ఈసీఏకి (మన చదువు కెనడా చదువుకి దేనితో సమానమో తేల్చే మదింపు) పంపేలోపే పాస్‌పోర్టు మార్పించాలా, అఫిడవిట్ సరిపోతుందా? ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష కూడా పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే రాయాలి కదా, అందుకే ఫీజు కట్టకుండా ఆగాం.

ఇంకోటి, రెండెకరాల జీడితోట ఉంది. ఎన్నారై అయ్యాక కొత్తగా సాగుభూమి కొనలేం గానీ ఉన్నది ఉంచుకోవచ్చు, అది తెలుసు. ఊళ్ళో అమ్మ ఒక్కర్తే ఉంటుంది. తోట కౌలుకిచ్చి వెళ్ళినవాళ్ళు అమ్మకి జీపీఏ (మన తరఫున వ్యవహారాలు చూసే అధికారపత్రం) రాసిచ్చారా, ఇంకేదైనా చేశారా? ఏజెంట్ల నంబర్లు వద్దండీ, స్వయంగా చేసుకున్నవాళ్ళు చెప్పండి.