కార్తీక వనభోజనం: తాండ్ర పక్కకి పాత చీజ్ తక్కువలో ఎక్కడ దొరుకుతుంది?

వంటల కమిటీ (ప్రస్తుతం విజయనగరం నుంచి):

అందరికీ నమస్కారం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికని ఊరొచ్చాను. వచ్చే వారం నెదర్లాండ్స్‌లోని హేగ్ చేరిపోతాను. ఈలోగా చీజ్ సంగతి తేల్చేద్దాం. మిగతా వంటలకి మనుషులు కుదిరారు, దీనికే ఎవరూ లేరు.

ఈసారి డచ్ ఇరుగుపొరుగుని కూడా పిలుస్తున్నాం కదా. వాళ్ళు రాగానే చేతికిచ్చే పళ్ళెంలో మూడే పెడదాం: భీమాళి మామిడి తాండ్ర, పలాస జీడిపప్పు, బాగా పాతబడిన గౌడా అనే గట్టి డచ్ చీజ్. స్పెయిన్‌లో గట్టి చీజ్‌ని క్విన్స్ పండు ముద్దతో కలిపి తింటారు. మన తాండ్ర దానికేమీ తీసిపోదు. పుల్లగా తియ్యగా సాగే తాండ్ర, దాని మీద ఉప్పగా పొడిపొడిగా విరిగే చీజ్. ఒక్కసారి కలిపి తింటే మీకే తెలుస్తుంది. తాండ్ర నేను ఇక్కడి నుంచి తెస్తాను. కోవా, పూతరేకులు మాత్రం అడగొద్దు. పాలు, నెయ్యి ఉన్న తిండి, మాంసం బయటి దేశాల నుంచి సామాన్లలో యూరప్‌లోకి తేనివ్వరు.

మనిషికి 25 గ్రాములు చాలు. 120 మందికి 3 కిలోలు, పైనున్న గట్టి తొక్క కోసేస్తే పోయేది కలిపి మూడున్నర. ఎవరికి ఎక్కడ తక్కువలో దొరుకుతుందో రాయండి.

ఖజానా:

చీజ్‌కి 60 యూరోలే ఉన్నాయి అప్పా. సూపర్‌మార్కెట్‌లో చిన్న ముక్క ధర చూస్తే గుండె గుభేలుమంది. తురిమిన పార్మెజాన్ సంచులు ఆఫర్‌లో ఉన్నాయి, అవి కొనేద్దామా?

వంటల కమిటీ:

పార్మెజాన్ వద్దు. రుచికి వంక పెట్టడం లేదు. అసలు పార్మెజాన్ అయిన పార్మిజానో రెజానోకి పాలని దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ అనే పదార్థంతోనే విరగ్గొట్టాలని వాళ్ళ నిబంధన. అలాంటిదే ఇంకో ఇటలీ చీజ్ గ్రానా పదానోకీ అంతే, పైగా దాంట్లో ఎక్కువసార్లు గుడ్డు నుంచి తీసిన లైసోజైమ్ అనే పదార్థం కూడా కలుపుతారు. కార్తీకమాసంలో గుడ్డు కూడా ముట్టని పెద్దవాళ్ళు మన పంక్తిలో కూర్చుంటారు. తెలియక తిన్నారులే అని మనం ఊరుకోకూడదు. నమ్మి వచ్చినవాళ్ళకి మనం పెట్టేది ఏమిటో మనకి తెలిసి ఉండాలి.

కాబట్టి చీజ్ మీది చీటీలో ‘స్ట్రెమ్‌సెల్’ అన్న మాట వెతకండి, రెనెట్‌ని డచ్‌లో అలా రాస్తారు. దాని ముందు ‘మైక్రోబియేల్’ (సూక్ష్మజీవుల నుంచి తీసింది) అని గానీ ‘వెజిటారిష్’ (శాకాహారం) అని గానీ ఉంటే మనకి పనికొస్తుంది. ఉత్త ‘స్ట్రెమ్‌సెల్’ అని ఉంటే అది దేని నుంచి తీసిందో రాయాలన్న నియమం వాళ్ళకి లేదు, అడిగి తెలుసుకోవాల్సిందే. గుడ్డు ఉంటే మాత్రం పదార్థాల జాబితాలో ‘ఎయ్’ (డచ్‌లో గుడ్డు) అని తప్పనిసరిగా వేస్తారు, అదీ చూడండి.

ఇక వయసు. ‘బెలేఖెన్’ అంటే సుమారు 4 నెలలు, ‘ఎక్స్‌ట్రా బెలేఖెన్’ 7, 8 నెలలు, ‘ఔడ్’ 10 నుంచి 12 నెలలు, ‘ఓవర్‌యారిఖ్’ ఏడాదిన్నర, ఆపైన. మనకి ‘ఔడ్’ కావాలి. ‘48+’ అని ఉంటే 48 నెలలు అనుకోవద్దు. చీజ్‌లో నీరు పోగా మిగిలిన పదార్థంలో కొవ్వు శాతం అది, కొత్త చీజ్ మీదా అదే ఉంటుంది. పాతబడేకొద్దీ నీరు ఆరి బరువు తగ్గుతుంది, అన్నాళ్ళూ అరల మీద చోటు ఆక్రమిస్తుంది, అందుకే ఖరీదు. అయితే రుచి అంత గాఢంగా ఉంటుంది కాబట్టి కొంచెమే తింటారు.

చిన్న ముక్క ధరతో లెక్క వేయకండి. అరకి అంటించిన చీటీలో కిలో ధర సన్నటి అక్షరాల్లో ఉంటుంది, దాన్ని పోల్చండి. ముందే ముక్కలు కోసినవీ తురిమినవీ తరచు కిలోకి ఎక్కువే పడతాయి. నా ఓటు హేగ్‌లోని పెద్ద సంత, హాగ్సె మార్క్‌ట్‌కి. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. ఒక్కొక్కరు వెళ్ళి పావుకిలో పావుకిలో కొనకుండా మూడున్నర కిలోలూ ఒకేచోట అడిగితే బేరానికి దారి దొరుకుతుంది. చక్రంలా ఉండే పూర్తి గౌడా మామూలుగా 12 కిలోల దాకా తూగుతుంది. అందులో పావు వంతుకి కాస్త ఎక్కువ కోసి, రెండు మూడు ముక్కలుగా గాలి తీసి ప్యాక్ చేయమనండి. అలా చేస్తే ఫ్రిజ్‌లో వారాల తరబడి పాడవదు, కార్తీకం దాకా దిగులుండదు.

ఊరి బయట పాడి రైతులే అమ్మే ‘బూరెన్‌కాస్’ చవకగా దొరకొచ్చు, రుచి కూడా గొప్పగా ఉంటుంది. కానీ అది పచ్చిపాలతో చేసేది. మనలో గర్భిణులు ఉన్నారు, దాన్ని వదిలేద్దాం.

శ్రీకాకుళం నుంచి (జీడిపప్పు బాధ్యత):

పలాసలో గుండు పప్పు 2 కిలోలు చెప్పాను, బద్ద కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది, చెప్పండి. ఒక సందేహం. మా మావయ్యకి పాలు పడవు, ఆయన కూడా వస్తారు. చీజ్ పెట్టొచ్చా?

వంటల కమిటీ:

పళ్ళెంలో నిండుగా కనపడాలి, గుండే తెండి. మావయ్యగారి సంగతికొస్తే, పాలలోని లాక్టోజ్ పడకపోతే ఇబ్బంది లేదు. పాత చీజ్‌లో అది దాదాపు మిగలదు. పాల ప్రోటీన్‌కే ఎలర్జీ అయితే ముట్టకూడదు. ఆయనకి ఈ రెండింటిలో ఏది పడదో ఒకసారి కనుక్కోండి.

వడ్డించేవాళ్ళకి రెండు మాటలు. కోస్తే లోపల తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, పంటికి కరకరలాడతాయి. అది బూజు కాదు, టైరోసిన్ అనే అమైనో ఆమ్లం గట్టిపడి అలా అవుతుంది. అవి ఉన్నాయంటే చీజ్ బాగా పండినట్టే, గీకి పారేయకండి. గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టండి, చల్లగా ఉంటే రుచి తెలియదు. మామూలు చీజ్ గీకే పరికరంతో పల్చటి రేకులు రావు, విరిగిపోతుంది. పొట్టి కత్తి మొన దించి మెలితిప్పితే ముక్కలుగా ఊడొస్తుంది. పైనున్న ప్లాస్టిక్ పూత తినేది కాదు, పిల్లల పళ్ళేల్లోకి పోకుండా ముందే తీసేయాలి. పళ్ళెం పక్కన రెనెట్ వివరం తెలుగులోనూ డచ్‌లోనూ రాసిన అట్ట ఉండాలి.

మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళు ఈ శనివారమే వెళ్ళి ధర అడిగి, స్ట్రెమ్‌సెల్ మాట కనుక్కుని ఇక్కడ రాయండి. సూపర్‌మార్కెట్‌లో ఒకటి కొంటే ఒకటి ఉచితం లాంటి ఆఫర్ వస్తే, అది మైక్రోబియేలే అయితే, ఖజానా అప్పని అడక్కుండానే కొనేయండి, బిల్లు దాచండి. శనివారానికి ఇద్దరు కావాలి. ఎవరొస్తారు?