డిపోర్టేషన్ కేసులో సంతకాల ఉద్యమమా, చడీచప్పుడు లేకుండా లాయరుతోనే పోవడమా?

లలిత_ఎడిసన్:
మా వైపు తెలుగువాళ్ళలో ఒక పిటిషన్ ముసాయిదా తిరుగుతోంది. దంపతులకు వీసా గడువు దాటి పదకొండేళ్ళు, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. భర్త మీద రిమూవల్ ఆర్డర్ (దేశం నుంచి పంపేయమన్న ఉత్తర్వు) ఉంది, వచ్చే నెల ఐస్ (ఇమిగ్రేషన్ వాళ్ళను పట్టుకుని పంపే శాఖ) ఆఫీసులో హాజరు. ఆన్‌లైన్ సంతకాలు, సభ, పత్రికలు అని కొందరు. అల్లరి చేస్తే ఉన్నదీ ఊడుతుందని కొందరు. ముసాయిదాలో మొదటి వాక్యం ఇది: "వీరు నేరస్తులు కారు, సరిహద్దు దూకి వచ్చినవారు కారు." దేనివల్ల పని జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

కాగితాల_పంతులు:
పదివేల సంతకాలు తెచ్చినా ఇమిగ్రేషన్ జడ్జి ముందు వాటికి విలువ లేదండి. ముందు ఆ ఆర్డర్ ఎలా వచ్చిందో కనుక్కోండి. ఆయన కోర్టుకు వెళ్ళకపోతే వచ్చిందా? నోటీసు అందలేదని చూపగలిగితే ఆర్డర్ కొట్టేయమని ఎప్పుడైనా అడగొచ్చు. ఆసుపత్రిలో ఉండటం లాంటి గట్టి కారణమైతే 180 రోజుల్లోపే. ఆ మోషన్ వేస్తే జడ్జి తేల్చేదాకా పంపడం దానంతటదే ఆగుతుంది. కానీ ఇల్లు మారి కోర్టుకు చెప్పకపోతే నోటీసు అందినట్టే లెక్క, సగం కేసులు పోయేది అక్కడే. కోర్టులో వాదించి ఓడిన ఆర్డరైతే రీఓపెన్‌కు 90 రోజులు, సాధారణంగా ఒకే అవకాశం, ఆటోమేటిక్ స్టే లేదు.

"పదేళ్ళు దాటాయి, పిల్లలు సిటిజన్లు, ఇంకేం" అంటారు. దాని మీద పంపడం రద్దు చేయమని అడిగే దరఖాస్తు (42బి) జడ్జి ముందు మాత్రమే చెల్లుతుంది, అంటే కేసు మళ్ళీ తెరుచుకోవాలి. పదేళ్ళ లెక్క కూడా పద్ధతైన నోటీసు అందిన రోజుతో ఆగుతుంది. కష్టం ఆయనది కాదు, సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉన్న భార్య, పిల్లలు, తల్లిదండ్రులది చూపాలి, అదీ మామూలు కష్టం చాలదు. దేశం మొత్తానికి ఏడాదికి 4,000 మందికి మాత్రమే ఇస్తారు.

పెసరట్టు:
పంతులు గారు కన్సల్టేషన్ ఫీజు మిగిల్చారు.

నల్లగొండ_నర్సింగ:
అన్నీ కరెక్టే సార్. కానీ కోర్టు దారి మూసుకపోయినంక మిగిలేది ఐ-246, స్టే దరఖాస్తు. దాన్ని తేల్చేది జడ్జి గాదు, ఐస్ ఫీల్డ్ ఆఫీసు. ఇష్టం మీద నడిచే కాడ ఒత్తిడి పనిజేస్తది. 2010 మేల టూసాన్‌ల సెనేటర్ మెకెయిన్ ఆఫీసుల కాగితాల్లేని పిల్లలు కూసొని అరెస్టయిన్రు. 2012 జూన్ 15న డాకా (చిన్నగున్నప్పుడు వచ్చిన కాగితాల్లేని పిల్లల్ని పంపకుండ ఆపే ఏర్పాటు) వచ్చింది. ఊకెనే వచ్చిందా అది?

సంతకాలు ఊకె పోగేస్తే చెత్తబుట్టకే పోతయి. పిటిషన్ ఒక్క ఫీల్డ్ ఆఫీసు పేరు మీదనే రాయాలె. అందుల అడిగేది ఒక్కటే ఉండాలె: స్టే. కాంగ్రెస్ సభ్యుని ఆఫీసు ఐస్‌ను అడగాల్నంటే ఆయన సంతకం పెట్టిన ప్రైవసీ ఫారం కావాలె. లోపల పడ్డంక ఆ సంతకం తేవుడే పెద్ద పని, గందుకే ఇప్పుడే తీస్కోండ్రి. స్కూల్ టీచరు, పిల్లల డాక్టరు, పనిజేసే కాడ యజమాని, ఒక్కొక్కరు తమకు తెల్సిన ముక్కనే రాయాలె. ఒకే ఉత్తరం మీద ఇరవై సంతకాలు పెట్టిస్తే చదివేటోడు మొదటిదే చదువుతడు.

కాగితాల_పంతులు:
ఐ-246 పూర్తి సంగతి కూడా చెప్పండి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన పంపడం ఆగదు, తిరస్కరిస్తే అప్పీలు లేదు. పైగా కనీసం ఆరు నెలలు చెల్లే పాస్‌పోర్టు చూపమంటారు. అంటే విమానం ఎక్కించడానికి వాళ్ళకు కావలసిన కాగితం మన చేత్తో మనమే ఇస్తున్నాం. లాయరు లెక్క వేసుకుని ఇవ్వాల్సిన కాగితం అది.

ఇంక ప్రచారం మాట. డెన్వర్‌లో జానెట్ విస్గెర్రా 2017లో చర్చిలో తలదాచుకుంది, దేశమంతా పేరు మోగింది. 2025 మార్చిలో పట్టుకున్నారు. పేరు మోగితే ఫైలు పైకొస్తుంది.

నల్లగొండ_నర్సింగ:
2017 నుంచి 2025 దాకా పిల్లల దగ్గరనే ఉన్నది గదా. గా ఎనిమిదేండ్లు మీ లెక్కల రావా? న్యూయార్క్‌ల రవి రాగ్బీర్‌ను చూడుండ్రి. ట్రినిడాడ్ మనిషి, ఫ్రాడ్ కేసుల శిక్ష పడ్డోడు. 2018 జనవరిల హాజరుకు పోతే పట్టుకున్నరు. మాట్లాడినందుకే పట్టుకున్నరని కోర్టుకెక్కిండు, 2025 జనవరిల బైడెన్ క్షమాభిక్ష ఇచ్చిండు. మౌనంగ ఉంటే ఇచ్చెటోడా?

ఎఫ్ఎన్‌యూ_బాధితుడు:
ఒక్క మాట. పట్టుకున్నవాళ్ళు ఎక్కడున్నారో చూపే ఐస్ వాళ్ళ ఆన్‌లైన్ లొకేటర్‌లో పేరుతో వెతికితే స్పెల్లింగ్ అచ్చంగా కలవాలి. మన ఇంటిపేర్లతో అది జరిగే పని కాదు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళకు వీసా మీద ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) పడుతుంది. తొమ్మిది అంకెల ఏ-నంబరు (ఇమిగ్రేషన్ ఫైలు నంబరు), పుట్టిన దేశం, ఈ రెండూ భార్య దగ్గర రాసి ఉంచండి. పాత కాగితంలో ఎనిమిది అంకెలే ఉంటే ముందు సున్నా పెట్టాలి.

వరుసలోనే_ఉన్నా:
ఒక్కో దేశానికి ఇచ్చే ఏడు శాతం కోటాలో ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు కోసం నిలబడ్డవాళ్ళకు పిటిషన్లు ఎవరూ రాయరు. మా పిల్లలకు 21 నిండితే డిపెండెంట్ వీసా పోతుంది. డాకా రావాలంటే 2012 జూన్ 15 నాటికి స్టేటస్ లేకుండా ఉండాలట! చట్టం పాటించడమే తప్పయింది.

నల్లగొండ_నర్సింగ:
21 నిండినంక వేరే వీసా దొరకకపోతే నీ పిల్లలు గూడ గీ లైన్ల కలిసెటోల్లే తమ్మీ.

వరుసలోనే_ఉన్నా:
అందుకే ఆ మొదటి వాక్యం ఉండాలంటున్నా. వీసాతో దర్జాగా వచ్చినవాళ్ళు మనవాళ్ళు. దొడ్డిదారి కాదు.

లలిత_ఎడిసన్:
ఒక విషయం ముందే చెప్పాల్సింది. ఆయనకు 2016లో డీయూఐ (తాగి కారు నడిపిన కేసు) ఉంది, ఫైన్ కట్టి తేల్చుకున్నారు. ముసాయిదాలో పెట్టలేదు.

కాగితాల_పంతులు:
అమ్మా లలితగారూ! ఆ వాక్యం ఈ రాత్రికే తీసేయించండి. పత్రికలో వార్త రాగానే విలేకరి ఐస్‌ను స్పందన అడుగుతాడు, వాళ్ళు ముందు బయటపెట్టేది ఆ కేసే. మర్నాటి హెడ్డింగ్ అదే, సంతకం పెట్టినవాళ్ళు జారుకుంటారు. కోర్టు నుంచి తుది తీర్పు సర్టిఫైడ్ కాపీ తెప్పించండి. ఒక్క డీయూఐతో 42బి దారి దానంతటదే మూసుకుపోదు. రెండుంటే మాత్రం సత్ప్రవర్తన లేదనే అనుమానంతోనే మొదలుపెడతారు. ఒకటో రెండో లాయరుకు తెలియాలి. నన్నడిగితే పత్రికలే వద్దు.

నల్లగొండ_నర్సింగ:
మీరు అబద్ధమని తీయమంటున్నరు. నేను నిజమే అయినా తీయమంట. "దూకి వచ్చినవారు కారు" అంటే దూకినోల్లను పంపుండ్రి అనే గదా అర్థం! 2014ల ఒబామా కుటుంబాల్ని గాదు, నేరస్తులనే పంపుతమన్నడు. పాత డీయూఐ ఉన్న తండ్రి ఏ లెక్కలకు వచ్చిండు? 2019ల ఇమిగ్రేషనోల్లే పెట్టిన ఫార్మింగ్టన్ దొంగ యూనివర్సిటీ వలల చిక్కినోల్లంత ఇంచుమించు మన దేశపోల్లే, అండ్ల తెలుగు పిల్లలే ఎక్కువ. అప్పుడు "మా పిల్లలు అమాయకులు" అన్నం. గదే మాట హోండురస్ తల్లి అంటే నమ్మినమా?

కాగితాల_పంతులు:
ఇప్పుడు బయటపడింది మీ అసలు సంగతి. మీకు ఈ కుటుంబం ఒక జెండా కర్ర. హాజరు రోజున గేటు దగ్గర నినాదాలు వినపడతాయి, ఆయన మాత్రం వేరే రాష్ట్రం డిటెన్షన్‌లో ఉంటాడు. నాకు కావలసింది ఆ నలుగురు ఒకే ఇంట్లో ఉండటం. ఉద్యమం ఏమైపోయినా సరే.

నల్లగొండ_నర్సింగ:
మీరు ఒక్కల్ని బస్సు దింపి మిగిలిన బస్సుకు టాటా చెప్తరు. ఆ దిగేటోడు గూడ మంచోడని సర్టిఫికెట్ తేవాలె. నేను బస్సే ఆపాలంట. అయినా ఎవలైనా ఆల్లిద్దర్ని అడిగిన్రా? పేరు ఆల్లది, ఫొటో పిల్లలది. వద్దంటే నేనే పక్కకు జరుగుత.

పెసరట్టు:
😐

లలిత_ఎడిసన్:
అడిగాను. భార్య సంతకాలకు సరే అన్నారు, పిల్లల ఫొటోలు వద్దన్నారు. పత్రికల మాట ఇంకా తేల్చుకోలేదు. హాజరు రోజుకు ఏం సిద్ధం చేయాలో మీరిద్దరూ పోట్లాట ఆపి చెప్పండి.

కాగితాల_పంతులు:
హేబియస్ పిటిషన్ (బందీని విడిచిపెట్టమని కోర్టును అడిగేది) ముందే రాసి లాయరు దగ్గర ఉండాలి. మనిషి ఏ జిల్లాలో బందీగా ఉంటే అక్కడి ఫెడరల్ కోర్టులోనే వేయాలి. వేశాక వేరే చోటికి తరలించినా ఆ కోర్టు అధికారం పోదు. వేయకముందే లూసియానాకో టెక్సస్‌కో తీసుకెళ్తే మళ్ళీ అక్కడ లాయరును వెతుక్కోవాలి. మొత్తం ఆట ఆ కొద్ది గంటల్లోనే.

పిల్లల విషయం: ఇద్దరినీ పట్టుకుంటే ఎవరి దగ్గర ఉండాలో నోటరీ చేసిన కాగితం ఉండాలి, మీ రాష్ట్రం ఫారం ఏదో చూడండి. లేకపోతే ఫోస్టర్ కేర్, అంటే ప్రభుత్వం పెట్టే పరాయి ఇల్లు. 22 నెలల్లో 15 నెలలు అక్కడ గడిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కు రద్దుకు రాష్ట్రమే కేసు వేయాలని 1997 చట్టం. అమెరికా పాస్‌పోర్టుకు 16 ఏళ్ళలోపు పిల్లలకు ఇద్దరు తల్లిదండ్రుల అంగీకారం కావాలి, డీఎస్-3053 అంగీకార ఫారం మీద నోటరీ సంతకం బయట ఉన్నప్పుడే పెట్టించండి. ఇండియాకు ఓసీఐ (భారత సంతతి విదేశీయుల కార్డు) గానీ వీసా గానీ వేరుగా కావాలి.

నల్లగొండ_నర్సింగ:
పదిమంది తోడు పోండ్రి, లోపల మాట్లాడొద్దు, కనపడితే చాలు. కారు తాళాలు, పర్సు, ఫోను బయట ఉన్నోనికి ఇచ్చి పోవాలె. మందుల చీటీ మాత్రం జేబులనే ఉండాలె. గంటకొకపారి భార్యకు మెసేజ్ పెట్టే మనిషి ఒక్కడే ఉండాలె, పదిమంది పెడితే పది రకాల వార్తలైతయి. ఇంగ్లీషు రాని పెద్దోల్లు ఇంట్ల ఉంటే ఆల్ల కాడ ఒకరు కూసోవాలె.

వరుసలోనే_ఉన్నా:
వాక్యం తీసేస్తే నా సంతకం ఉండదు. చెప్పానంతే.

లలిత_ఎడిసన్:
తీసేశాను. మీ సంతకం కూడా తీసేశాను, 212 ఉన్నాయి ఇప్పుడు.

ఎఫ్ఎన్‌యూ_బాధితుడు:
ముసాయిదాలో ఆయన ఇంటిపేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. పాస్‌పోర్టులో ఏముందో చూసి దిద్దండి.