మారిషస్ ఆప్రవాసీ ఘాట్: ఇష్టపడి దిగిన రేవా, బానిసత్వానికి రెండో గేటా?

గోదారిగట్టు:
మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో, భారత్ నుంచి వచ్చిన కూలీలను దింపుకుని నమోదు చేసిన పాత డిపో ఈ ఆప్రవాసీ ఘాట్. దీని గురించి ఎవరు రాసినా "మనవాళ్లను బానిసలుగా ఎత్తుకుపోయారు" అనే మొదలెడతారు. నాకది మింగుడుపడదు. 1834 నవంబర్ 2న అట్లాస్ ఓడలో వచ్చిన 36 మందీ ఒప్పందం మీదే వచ్చారు. ఐదేళ్ల పని, నెలకు ఐదు రూపాయలు, పైన తిండి. సంకెళ్లు లేవు. తర్వాత భూములు కొన్నారు, రాజకీయాల్లోకొచ్చారు. ఉగాదికి ఇవాళ అక్కడ ప్రభుత్వ సెలవు! బానిసల కథ ఇలా ఉంటుందా?

పాతరికార్డు:
గోదారిగట్టు గారూ, మీరు ఒప్పందం దగ్గరే ఆగిపోయారు. డిపోలో పేరు రాసుకుని, నంబరిచ్చి చెరకు తోటకు పంపాక ఏం జరిగిందో చూడండి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దాన్ని 'డబుల్ కట్' అనేవారు. జ్వరమొచ్చినవాడి గతి మీరే ఊహించుకోండి. సరే, ఐదేళ్లూ పూర్తయ్యాయి, ఇక స్వేచ్ఛేనా? 1867 చట్టం ప్రకారం గడువు తీరిన కూలీ కూడా ఫొటో అంటించిన పాస్ దగ్గరుంచుకోవాలి. లేకుండా కనబడితే పోలీసులు పట్టుకోవచ్చు. ఇష్టపడి వచ్చినవాడికి అదెందుకండీ? 1871లో ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడి సాయంతో 9,401 మంది గవర్నర్‌కు అర్జీ పెట్టుకున్నారు. ఆ గొడవ ముదిరి మరుసటి ఏడాది విచారణకు బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ దిగింది. అంతా హాయిగా ఉంటే ఇంతమంది ఎందుకు కదులుతారు?

ఉప్పుగాలి:
కష్టాలు నిజమే. కానీ 'బానిస' అన్న మాట ఊరికే వాడేస్తే ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చినవాళ్ల వారసులకు అన్యాయం. వాళ్లను సంతలో అమ్మారు, పుట్టిన పిల్లలూ యజమాని సొత్తే. పారిపోయిన బానిసలు తలదాచుకున్న లె మోర్న్ కొండకు యునెస్కో గుర్తింపు 2008లో వచ్చింది, ఘాట్‌కు 2006లోనే. ఆ రెండేళ్ల తేడా అక్కడ కొందరికి గుచ్చుకుంటే తప్పు పట్టలేం.

పాతరికార్డు:
ఒప్పుకుంటాను. రెండూ ఒకటి కావు. అయితే బానిసలను విడిపించాక నష్టపరిహారం ముట్టింది యజమానులకే, ఆ తోటలకే మనవాళ్లను దింపారు. ఈ లంకెను ఘాట్‌లో గట్టిగా చెప్పాలి, అంతే నా వాదన.

గోదారిగట్టు:
చెప్పండి, కాదన్నదెవరు? భూములు కొన్న సంగతి కూడా అదే గోడ మీద రాయండి మరి.

ఉప్పుగాలి:
రాద్దాం. చక్కెర ధర పడిపోయాక యజమానులు వదిలించుకున్న, అంతగా పండని భూమి చెక్కలే వాళ్ల చేతికి చాలావరకు వచ్చాయని పక్కనే రాద్దాం.