పికాసో లినో: ఒకే పలకతో మూడు రంగులు ఎలా దిగుతాయి?

గుణుపురం గీతలు:
పికాసో లినో ముద్రల్లో (లినోలియం అనే మెత్తటి పలకని చెక్కి, ఇంకు రాసి అచ్చువేసేవి) రంగులన్నీ ఒకే పలకతో వేసినవి ఉన్నాయంటారు. ఎరుపు కోసం పలక చెక్కేశాక పసుపు ఎలా మిగులుతుంది? బడి పిల్లలచేత 15×20 సెం.మీ. బొమ్మ, 12 ప్రతులు తీయించాలి. ప్రెస్ లేదు, స్టీలు గరిటె ఉంది.

రాయగడ రోలర్:
పసుపు మిగిలేది పలక మీద కాదండీ, కాగితం మీద. తికమకంతా అక్కడే. ముందు తెల్లగా ఉండాల్సిన చోటు మాత్రమే చెక్కి, పలకంతా పసుపు రాసి అన్ని కాగితాల మీదా అచ్చువేయండి. తర్వాత పసుపుగా ఉండాల్సిన చోటు చెక్కేసి, అవే కాగితాల మీద ఎరుపు. ఆపైన ఎరుపు చోటు చెక్కి నలుపు. లేత నుంచి ముదురుకే వెళ్లాలి. చెక్కింది మళ్లీ రాదు, మధ్యలో కొన్ని పాడవుతాయి కనుక, 12 కావాలంటే పసుపు 18 కాగితాల మీద వేసుకోండి. బొమ్మ తిరగబడుతుంది, అక్షరాలుంటే, ఒడియా అయినా తెలుగైనా, అద్దంలోలా గీయాలి.

దీంట్లో పెద్ద జబ్బు రంగులు పక్కకి జరగడం. దళసరి అట్ట మీద పలక ఇమిడే చోటూ, కాగితం మూల ఆనేలా ఎల్ ఆకారపు ముక్కా అతికించి, మూడు రంగులకీ అదే వాడండి. కాగితం తడపొద్దు, సాగుతుంది. గరిటె వీపుతో మధ్య నుంచి అంచులకి రుద్దాలి.

బరంపురం బొమ్మలు:
ఆ జబ్బే పికాసోనీ ఇటు తిప్పింది. 1958లో పాతకాలపు జర్మన్ చిత్రకారుడు క్రానాక్ చిత్రాన్ని బట్టి చేసిన యువతి ముద్రకి వేర్వేరు పలకలు చెక్కాడు. వాటిని కుదురుగా కలపడం తలనొప్పి. 1959 నుంచి ఒకే పలక. అచ్చువేసింది ఫ్రాన్స్‌లోని వలోరిస్‌లో హిడాల్గో ఆర్నేరా అనే ముద్రకుడు. పద్ధతి పికాసోయే కనిపెట్టాడని పిల్లలకి గట్టిగా చెప్పకండి. చివరి రంగు దాకా బొమ్మను ముందే కళ్లలో పెట్టుకోవడమే ఆయన పనితనం.

ప్రెస్ లేని బడికి ఇంకో దారి: 1960ల్లో ఆయన తెల్లటి నూనె ఇంకుతో అచ్చువేసి, పైన నల్ల చైనా సిరా పూసి, నీళ్లతో కడిగేశాడు. జిడ్డున్న చోట నలుపు నిలవదు.

గుణుపురం గీతలు:
శ్రావణంలో పెట్టుకున్నాం. నీళ్ల ఇంకు వాడొచ్చా? పలక దాచుకోవచ్చా?

రాయగడ రోలర్:
శ్రావణం వద్దు. మన ముసురులో రెండు మూడు రోజుల్లో ఆరే నూనె ఇంకుకి వారం పట్టొచ్చు. ఆరకముందే ఎరుపు వేస్తే పసుపు పలకకి అంటుకుని లేచొస్తుంది. నీళ్ల ఇంకు ఎండల్లో రోలర్ మీదే ఎండిపోతుంది, కొన్ని రకాలు రెండో పూతకి కరిగిపోతాయి కూడా. కార్తీకం దాకా ఆగండి. చలికి లినో బిగిస్తే పది నిమిషాలు ఎండలో పెడితే మెత్తబడుతుంది. ఇంకు పల్చగా పరవాలి: రోలర్ చిరచిరమంటే సరిపోయినట్టు, చప్పుచప్పుమంటే సన్నగీతలు పూడిపోతాయి.

పలక దాచుకోవచ్చు గానీ, దాని మీద మిగిలేది నలుపు వాటా ఒక్కటే.