క్వార్టైల్స్ మూడా, నాలుగా?

నాగావళి గట్టు: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోంది. ఇంటర్నల్‌లో క్వార్టైల్స్ మూడు అని రాస్తే లెక్చరర్ నాలుగని దిద్ది మార్కు కోసేశారట. డేటాని నాలుగు భాగాలు చేస్తే నాలుగే ఉండాలి కదా?

రాజాం కుర్రోడు: నాలుగే. వంద మార్కుల పరీక్షలో 25 వరకు మొదటిది, 50 వరకు రెండోది. దీనికి చర్చేటి బాబూ!

కోట దగ్గర మాస్టారు: సమానంగా పంచేది మార్కుల్ని కాదు నాయనా, మనుషుల్ని. పేపరు కష్టమై ముప్పావు వంతు మంది 30 లోపే ఆగిపోతే మూడో క్వార్టైల్ 30 దగ్గరే ఉంటుంది. ఇక లెక్క అంటారా, మడిని నాలుగు చెయ్యాలంటే గట్లు మూడు చాలు. క్వార్టైల్ అంటే ఆ గట్టు, మడి ముక్క కాదు. 1879లో డొనాల్డ్ మెకాలిస్టర్ అనే గణితజ్ఞుడు ఎగువ క్వార్టైల్, దిగువ క్వార్టైల్ అని పేరు పెట్టింది రెండు కొలతలకి. మధ్య విలువతో కలిసి అవి నాలుగు భాగాలు చేస్తాయని ఆ పేరు. భాగాలకి ఆయన పెట్టలేదు. అమ్మాయిదే రైటు.

పలాస జీడిపప్పు: మాట మాత్రం ఆయన పుట్టించింది కాదు మాస్టారూ. అంతకు చాలా ముందే ఇంగ్లీషు జ్యోతిష్కులు గ్రహాల మధ్య 90 డిగ్రీలుంటే క్వార్టైల్ అనేవారు. పైగా ఇవాళ మెడికల్ పేపర్లలో ‘పై క్వార్టైల్‌లో ఉన్న రోగులు’ అని రాస్తున్నారు. గట్టు మీద అంతమంది ఎలా పడతారు? వాడుకలో గుంపుకీ ఆ పేరే వచ్చేసింది.

మాస్టారు: వాడుక సరే. నాలుగో క్వార్టైల్ విలువ కట్టమంటే ఆ లెక్చరర్ ఏ సూత్రం వేస్తారు?

బొబ్బిలి అక్క: మరి డేటాని వంద భాగాలు చేసే పర్సంటైల్ గీతలు 99 అయితే జేఈఈలో టాపర్‌కి 100 ఎలా వస్తోంది?

మాస్టారు: అది గీత కాదమ్మా, స్థానం. తనతో సమానంగా గానీ తక్కువగా గానీ వచ్చినవాళ్లు వందకి ఎంతమందో చెప్తారు. టాపర్ తననీ కలుపుకుంటాడు, అందుకే 100.

పలాస జీడిపప్పు: మూడు గట్లన్నారు, ఎక్కడ వెయ్యాలో మీలో మీకే కుదరలేదు! 12, 15, 18, 20, 23, 25, 28, 31, 34, 36, 40 ఇచ్చి చూడండి. మధ్య విలువ 25ని కింది సగంలో కలిపితే మొదటి క్వార్టైల్ 19, వదిలేస్తే 18. ఎక్సెల్‌లో రెండు ఫంక్షన్లు, రెండు జవాబులు. 1996లో హిండ్‌మన్, ఫాన్ అనే స్టాటిస్టిక్స్ పరిశోధకులైతే ఏకంగా తొమ్మిది పద్ధతులు పోల్చారు.

మాస్టారు: పద్ధతులు తొమ్మిదైనా గట్లు మూడే కదండీ. గట్టుగారూ, అమ్మాయి టెక్స్ట్‌బుక్‌లో ఏముంది?

నాగావళి గట్టు: క్యూ1, క్యూ2, క్యూ3. అంతే.

మాస్టారు: ఆ పేజీ పట్టుకెళ్లి డౌటు అడిగినట్టు అడగమనండి. వాదనకి దిగొద్దు, ఇంకో ఇంటర్నల్ ఆయన చేతిలోనే ఉంది.