కంటోన్మెంట్ గేట్ల మీదుగా రాకపోకలు: మీ అనుభవాలు తెలియజేయండి

సఫిల్‌గూడ నివాసి:
మేము సఫిల్‌గూడకు వచ్చి నాలుగు నెలలైంది. మా అమ్మకు వారానికి మూడుసార్లు తిరుమలగిరి వైపున్న ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ అనే సైనిక ప్రాంతం గుండా వెళ్తే త్వరగా చేరుకుంటాము. గేటు మూసి ఉంటే మెట్టుగూడ, సికింద్రాబాద్ మీదుగా చుట్టు తిరగవలసిందే. గత మంగళవారం తెల్లవారుజామున ఒక గేటు దించి ఉంది. ఎప్పుడు తెరుస్తారని అడిగితే అక్కడి జవానుకూ తెలియదు. వెనుక సీటులో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మ, "పోనీలే నాన్నా, బండి తిప్పు" అంది. రోజూ ఈ దారుల్లో తిరిగేవారు ఏం చేస్తున్నారో దయచేసి చెప్పండి.

నేరేడ్‌మెట్ స్కూలు వ్యాన్:
పదకొండేళ్లుగా పిల్లలను ఎక్కించుకుని ఇలాంటి గేట్లు దాటుతున్నాను. చీకటి వేళ గేటుకు ఇరవై అడుగుల ముందే హెడ్‌లైట్లు తగ్గించి, లోపలి లైటు వేసి, అద్దం పూర్తిగా దించండి. జవాను టార్చి మొదట మీ ముఖం మీద, తరువాత వెనుక సీటు మీద పడుతుంది. ఆధార్ కార్డు చొక్కా జేబులోనే ఉంచుకోండి. ఫోను చేతిలో పట్టుకోవద్దు, ఫొటో తీస్తున్నారని అనుకుంటారు. ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడితే అరగంట ముందు బయలుదేరడం మేలు. మరొక విషయం: వ్యాను చూడగానే చెయ్యి ఊపి పంపించే జవాను బదిలీ అయితే, కొత్తగా వచ్చినవారికి మనం మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఇందులో వారి తప్పేమీ లేదు.

విశ్రాంత హవల్దార్, సైనిక్‌పురి:
అటువైపు నిలబడ్డవాడిగా రెండు మాటలు చెబుతాను. 2016లో పఠాన్‌కోట్, ఉరీ సైనిక స్థావరాలపై ఉగ్రవాద దాడులు జరిగిన తరువాత గేటు దగ్గర నిలబడిన ప్రతి సిపాయికీ ఒకటే భయం: తాను వదిలిన బండే ఉగ్రవాదుల బండి అయితే? 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో భద్రతా దళాల వాహనాలపై బాంబు దాడి జరిగాక, ఆ దళాల వాహనాలు వెళ్లేందుకు ఆ ఏప్రిల్‌లో జమ్మూ కశ్మీర్‌లోని బారాముల్లా నుంచి ఉధంపూర్ వరకు జాతీయ రహదారిపై ఆది, బుధవారాల్లో తెల్లవారుజామున 4 నుంచి సాయంత్రం 5 వరకు పౌర వాహనాలను ఆపారు. అక్కడి రోగులు, విద్యార్థులు, పెళ్లివారు ఎంత ఇబ్బంది పడ్డారో నాకు తెలుసు. అయినా రోజు, వేళ ముందే ప్రకటించారు గనుక, కనీసం ఎప్పుడు బయలుదేరకూడదో వారికి తెలిసేది. మన దగ్గర కూడా తనిఖీ ఎంత గట్టిగా ఉన్నా జనం ఓర్చుకుంటారు. వేళ తెలియకపోవడమే వారిని విసిగిస్తుంది. సఫిల్‌గూడ బాబూ, డయాలిసిస్ షెడ్యూలు కాగితం మీద ఆసుపత్రి ముద్ర వేయించి, హిందీలో ఒక్క వాక్యం రాయించుకుని ముందు అద్దం దగ్గర పెట్టుకోండి. సిపాయికి చదవడం సులువవుతుంది, గార్డు కమాండర్‌ను పిలవడానికి ఒక ఆధారమూ దొరుకుతుంది.

అమ్ముగూడ:
హవల్దార్ గారి మాటతో ఏకీభవిస్తూనే, చట్టం ఏమంటుందో కూడా గుర్తు చేస్తున్నాను. కంటోన్మెంట్ల చట్టం, 2006లోని 258వ సెక్షన్ ప్రకారం, భద్రతా కారణం లేకుండా, ముందుగా బహిరంగ ప్రకటన ఇచ్చి ప్రజల అభ్యంతరాలు కోరకుండా, ఏ వీధినీ శాశ్వతంగా మూయకూడదు. 2018 మేలో రక్షణ శాఖ దేశంలోని 62 కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరవమని ఆదేశించింది. అయినా 2021లో, సికింద్రాబాద్‌లో 21 రోడ్లు మూసి ఉన్నాయని అప్పటి రాష్ట్ర మంత్రి కె.టి. రామారావు కేంద్రం దృష్టికి తీసుకువెళ్లవలసి వచ్చింది. 1806లో ఇక్కడ దండు ఏర్పడినప్పుడు చుట్టూ ఖాళీ నేల. ఈనాడు ఆ దండుకు అన్ని వైపులా లక్షల మంది కాపురం ఉంటున్నారు, ప్రత్యామ్నాయ రోడ్లు ఆ వేగంతో రాలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె నడిచే వస్తుంది, గేటు మూస్తే ఆటోకు పెట్టే డబ్బు ఆ పూట కూలిలోంచే పోతుంది.

సఫిల్‌గూడ నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. హవల్దార్ గారూ, మీరు చెప్పినట్టే కాగితం రాయించాను. నిన్న తెల్లవారుజామున జవాను టార్చి వెలుగులో దాన్ని రెండుసార్లు చదివి, అమ్మ చేతికున్న కట్టు చూసి, లోపలికి ఫోను చేసి అయిదు నిమిషాల్లో పంపించాడు. తిరుగు ప్రయాణంలో వేరే గేటు మూసి ఉంది. ఆ గేటు తెరిచే వేళలు ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి; శనివారం మళ్లీ వెళ్లాలి.