నాలుగు పాయింట్ల స్కేలులో 4.25 ఎలా వస్తుంది?

బైరాగిపట్టెడ మాస్టారు, తిరుపతి:
మా మనవరాలు కాలిఫోర్నియాలో పదకొండో తరగతి చదువుతోంది. నిన్న మా అమ్మాయి వాట్సాప్‌లో పంపిన గ్రేడ్ల పట్టికలో జీపీఏ (గ్రేడ్ పాయింట్ల సగటు) ఒకచోట 3.83 అనీ, దాని పక్కనే 4.25 అనీ ఉంది. గరిష్ఠం నాలుగైనప్పుడు సగటు నాలుగును ఎలా మించిందో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకే అంతుపట్టలేదు. ఆరు సబ్జెక్టులలో ఏపీ బయాలజీకి బి, మిగిలిన ఐదింటికీ ఎ వచ్చాయి. (ఈ ఏపీ మన రాష్ట్రం కాదనీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనీ, హైస్కూలులోనే చదివే కాలేజీ స్థాయి కోర్సనీ మాత్రం తెలుసుకున్నాను.) మన బీటెక్ పిల్లల ఎస్‌జీపీఏలాగా (సెమిస్టరు గ్రేడ్ల సగటులాగా) దీన్నీ క్రెడిట్లతో గుణించాలా?

చిత్తూరు అధ్యాపకురాలు:
అక్కరలేదు మాస్టారూ. మన ఎస్‌జీపీఏలో 4 క్రెడిట్ల లెక్కల్లో 8 పాయింట్లు, 1.5 క్రెడిట్ల ల్యాబులో 10 పాయింట్లు వస్తే, 32కు 15 కలిపి 5.5తో భాగిస్తాము, 8.55 వస్తుంది. అక్కడ బరువు క్రెడిట్లదే కానీ సబ్జెక్టు కష్టానిది కాదు. అమెరికా హైస్కూళ్లలో వెయిటెడ్ అన్నప్పుడు కష్టమైన కోర్సు గ్రేడుకు పాయింట్లు అదనంగా కలుపుతారు. ఎక్కువ చోట్ల ఎ‌కు 4, బి‌కి 3 చొప్పున లెక్కించి, ఆనర్స్ కోర్సుకు (మామూలు దానికన్నా కష్టమైనది) అర పాయింటు, ఏపీ కోర్సుకు ఒక పాయింటు చేరుస్తారు. ఈ పట్టికలో ఇంకో ఏపీ కోర్సూ, ఒక ఆనర్స్ కోర్సూ ఉండి ఉండాలి: 5, 4, 4.5, తక్కిన మూడూ నాలుగేసి, మొత్తం 25.5, ఆరుతో భాగిస్తే 4.25. అదనాలు తీసేస్తే 23, అంటే 3.83.

కాలిఫోర్నియాలో ఉంటున్న తిరుపతి వాసి:
లెక్క సరిపోయింది. అయితే ఈ అదనం ఎంతన్నది ఒక్కో స్కూలు డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) తనకు తానే నిర్ణయించుకుంటుంది కనుక, వేరే ఊరి పిల్లల 4.4తో దీన్ని పోల్చడం వృథా. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు జీపీఏను తమ పద్ధతిలో మళ్లీ లెక్కిస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తొమ్మిదో తరగతి గ్రేడ్లను జీపీఏలో కలపదు. సి లేదా అంతకన్నా మంచి గ్రేడు వస్తేనే అదనపు పాయింటు ఇస్తుంది, అదీ ఎనిమిది సెమిస్టర్లకు మించకుండా. మే నెలలో జరిగే ఏపీ పరీక్షలో 1 నుంచి 5 వరకు ఇచ్చే స్కోరు వేరు, ఈ గ్రేడు వేరు. రెండింటినీ కలిపి చూడకండి.

బైరాగిపట్టెడ మాస్టారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కాగితం మీద వేసి చూస్తే ఇంకొక విచిత్రం కనబడింది. ఈ ఆరింటికి తోడు మామూలు సంగీతం కోర్సు తీసుకుని అందులోనూ ఎ తెచ్చుకుంటే, 29.5ను ఏడుతో భాగించాలి, 4.21 వస్తుంది. మంచి గ్రేడు తెచ్చుకున్నందుకు సగటు తగ్గడమేమిటి? వయొలిన్ క్లాసు మానేస్తానని ఆ పిల్ల ఎందుకు పట్టుబడుతోందో ఇప్పుడు అర్థమైంది.

కాలిఫోర్నియాలో ఉంటున్న తిరుపతి వాసి:
వెయిటెడ్ సగటు నాలుగు దాటాక మామూలు కోర్సులో వచ్చే ప్రతి ఎ దాన్ని కిందికే లాగుతుంది మాస్టారూ. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది అదే. కానీ మానేసే ముందు ఒక్క మాట చెప్పండి: నేను చెప్పిన ఆ విశ్వవిద్యాలయంలో చేరాలంటే సంగీతమో, నృత్యమో, చిత్రలేఖనమో ఏదో ఒక కళను హైస్కూలులో ఏడాది పాటు చదివి ఉండాలి. ఆ ఏడాది ఇంకా పూర్తి కాకపోతే వయొలిన్ వదలవద్దనండి.